తాడు పట్టినవాడి వాటా

గ్రంథాలయం మేడమీది గదిలో పాత ఇనప కుర్చీలు తీసేసి ప్లాస్టిక్‌వి వేస్తున్నారు, మీ సాహిత్య బృందం వాళ్ళవి ఏవైనా ఉంటే తీసుకుపొండి అని కబురు పంపితే వెళ్ళాను. చివరి వరసలో కిటికీ పక్క కుర్చీని పక్కకి వంచితే, దాని వెనక కాలికి కట్టి ఉన్న చిన్న వల ముక్క కనబడింది. పూలదండ దారంతో అల్లింది. అరచేతిలో సగం కూడా ఉండదు. దుమ్ము పట్టి నల్లబడింది గానీ ముడులు ఒక్కటీ వదులు కాలేదు. విప్పబోయి మానేశాను. ఆ కుర్చీని ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మా ఇంట్లో కుర్చీలు లేక కాదు.

ఆ వల అల్లినాయన పేరు నాకు తెలుసు. రాయను. "ఎప్పుడైనా నా గురించి రాస్తే పేరొగ్గేయండి మేడంగోరూ. ఎంతమంది పేర్లు రాసేశానో! నా పేరు ఎవులూ రాయకూడదు" అని ఆయనే అడిగాడు. ఆయన ఉద్యోగం పేర్లు రాయడమే. స్పెషల్ బ్రాంచి కానిస్టేబులు.

మా ప్రాంతంలో నలుగురు కూర్చుని పుస్తకం విప్పితే ఐదోవాడు పోలీసు. ఎప్పుడో కొండల్లో గొడవలు జరిగిన నాటి అలవాటిది. గొడవలు పోయాయి, అలవాటు పోలేదు. విజయనగరంలో మేం నెలకోసారి కలుసుకుని కథలూ పద్యాలూ చదువుకునేవాళ్ళం. వాటివల్ల ప్రభుత్వాలు కూలిపోతాయని మాకెవరికీ నమ్మకం లేదు. పోలీసు శాఖకి మాత్రం మా మీద అంత నమ్మకం ఉండేది.

ఆయన మారువేషం గురించి చెప్పకపోతే పాపం తగుల్తుంది. సాహిత్య సభ కదా అని పొందూరు ఖద్దరు లాల్చీ కొనుక్కున్నాడు. మాలో ఖద్దరు కట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. గంజి పెట్టి, మడతలు నిలబడేలా ఇస్త్రీ చేయించి, కిందకి మాత్రం డిపార్టుమెంటు బూట్లు వేసుకొచ్చేవాడు. అయినా సభ మొత్తం మీద రచయితలా కనబడేది ఆయనొక్కడే. ఒకసారి పైఊరి నించి వచ్చిన పెద్దాయన నేరుగా వెళ్ళి ఆయనకే నమస్కారం పెట్టి, "ఈమధ్య ఏం రాస్తున్నారు?" అని అడిగాడు.

"ఏదో, పైవోళ్ళు అడిగింది రాసి పంపుతన్నానండి" అన్నాడు ఈయన, ఉన్నమాటే.

"సంపాదకులతో అదే బాధ" అని పెద్దాయన భుజం తట్టాడు.

చేతులు మాత్రం ఊరుకునేవి కావు. పూలదండ దారం, పుస్తకాల కట్ట విప్పిన పురికొస, ఏది దొరికితే అది వేళ్ళ మధ్య వేసుకుని ముడులు వేస్తూ ఉండేవాడు. సముద్రం ఒడ్డు ఊళ్ళో చేపలవాళ్ళింట పుట్టిన మనిషి. తండ్రి వేటకెళ్ళి తిరిగి రాలేదు. అప్ప చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి ఈయన్ని చదివించింది. అప్ప అంటే అక్క. ఏ మాట మొదలెట్టినా "మా అప్ప ఏటంటాదంటే" అని అక్కడికే వచ్చేవాడు. పోలీసు ఉద్యోగం వచ్చిందని తెలిసిననాడు ఊరంతా కలిసి ఆయన్ని పడవలో కూర్చోబెట్టి ఒడ్డు మీద మోశారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన కళ్ళలో ఇంకా ఆ పడవ ఎత్తు కనబడేది.

నేనప్పుడు నవల రాస్తున్నాను. ప్రతి సభలోనూ ఒక అధ్యాయం చదివేదాన్ని. రెండు ముక్కల్లో చెప్పాలంటే, అదొక పట్నం. అక్కడి సర్కారు, జనం క్షేమం కోసమే అని చెప్పి, ఇళ్ళకి తలుపులన్నీ పీకించేస్తుంది. వీధికొక చూపరిని పెడుతుంది. ఎవరు ఎవరింట్లో నవ్వారు, ఎవరు అన్నం తినకుండా పడుకున్నారు, అంతా ఆ చూపరి కనిపెట్టి పైకి చేరెయ్యాలి. ముగ్గురికి మించి ఒకచోట నవ్వితే నేరం. చాలా భయంకరంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. నాకు కాస్త పొగరు కూడా వచ్చింది.

ఒకరోజు సభ అయ్యాక మెట్ల దగ్గర ఆగి, "మేడంగోరూ, ఓ ఇసయం" అన్నాడు.

"చెప్పండి."

"ఆ సూపరోడింటికి తలుపుంటాదా?"

నేనది ఆలోచించలేదు. "ఉండదనుకుంటా. అందరివీ పీకేశారు కదా" అన్నాను.

"మరాడు డూటీకెల్లినప్పుడు ఆడింటిని ఎవులు సూస్తారు? పెళ్ళయిందా ఆడికి?"

"కాలేదు."

"సెయ్యండి. ఇంటికాడ ఎదురుసూసే మనిషి నేకపోతే ఆడు మరీ సెడిపోతాడు."

చూపరికి పెళ్ళి చేస్తే చదివేవాళ్ళకి వాడి మీద జాలి పుడుతుంది, నాకది అక్కర్లేదు అన్నాను. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "ఆకర్న ఏటి సదివారో కొంచెం సెప్పండి, కునుకట్టేసింది. రాయకపోతే ఎస్సైగోరు ఒప్పుకోరు" అన్నాడు. నా మీద రిపోర్టు నేనే చెప్పి రాయించాను. సర్కారుని దుమ్మెత్తిపోశానని రాసుకోండి అంటే ఒప్పుకోలేదు. "ఎందుకండీ, పిల్లలున్నోరు. నవల సదివినారు, టీ తాగినారు అని రాస్తాను" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆయన ఊరి మీదికి ముప్పొచ్చింది. ఆ తీరంలో ప్లాంటు కడతామని ఒక కంపెనీ దిగింది. ఊరు ఒడ్డు వదలనంది. దీక్షలు, లాఠీలు, కేసులు. బడిలో పోలీసు క్యాంపు పెట్టారు. ఊరి మొదట స్తంభానికి కెమెరా కట్టారు. ఎవరింటికి చుట్టం వచ్చినా పేరు రాయించుకోవాలి. ఐదుగురు ఒకచోట చేరకూడదని నూట నలభై నాలుగు పెట్టారు.

"మీరు ముగ్గురన్నారు, ఆళ్ళు నలుగురికి పరిమిషనిచ్చారు. మీకంటే ఆళ్ళే నయం మేడంగోరూ" అని నవ్వాడు ఆ నెల సభకి వచ్చి. "మీ నవల పైవోళ్ళు సదివేసినట్టున్నారు. నాను మాత్రం టీ సంగతే రాసినాను." నవ్వు సగంలో ఆగిపోయింది. ఊళ్ళో మొహాలన్నీ తెలిసినవాడని ఆయనకి అక్కడే డ్యూటీ వేశారట. ఒకాయన వీడియో తీస్తాడు, అందులో ఎవరెవరో ఈయన చెప్పాలి. ఆ రోజు దారం ముట్టుకోలేదు.

మా బృందంలో ముగ్గురం ఆ ఊరు చూడ్డానికి వెళ్ళాం. చెక్‌పోస్టు దగ్గర కుర్చీలో ఆయనే. "తవరెవరు?" అన్నాడు నా మొహంలోకి చూడకుండా. పేరు చెప్పాను, రాసుకున్నాడు. ఫోను నెంబరు నన్నడక్కుండానే రాసేసి నాలిక్కరుచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

ఒడ్డుకి వెళ్ళేసరికి ఊరంతా అక్కడే ఉంది. ఆ ఊరివాళ్ళది అలివి వల. ఒక కొసని ఒడ్డునే ఉంచి, పడవ వలని సముద్రంలోకి తీసుకెళ్ళి, చుట్టూ తిప్పి, రెండో కొసతో ఒడ్డుకొస్తుంది. అప్పుడు ఒడ్డున రెండు తాళ్ళు పట్టుకుని ఊరందరూ లాగాలి. నలుగురితో అయ్యే పని కాదు. ఐదుగురు చేరితే నేరం. అందుకని ఆ వల కొట్టంలోనే ఎండిపోతోంది. ఆ పొద్దున ఒడ్డుకి దగ్గర్లో నీళ్ళు నల్లబడ్డాయి. కవళ్ళ చేపలు గుంపుగా వచ్చాయి. అందరూ పెద్ద మావ అని పిలిచే ముసలాయన ఆ ఊరికి పెద్ద. ఆయన ఒకసారి నీళ్ళకేసీ ఒకసారి ఇసక దిబ్బ మీది పోలీసులకేసీ చూసి, "వల దించండ్రా. కేసెడితే ఆ సేపల మీద ఎట్టమను" అన్నాడు.

అక్కడొక కట్టుబాటుంది. తాడు మీద చెయ్యి వేసినవాడికి చేపల్లో వాటా పెట్టాలి. దారిన పోయే బైరాగైనా సరే, ఎవరు ఏమిటని అడగరు. మమ్మల్నీ పట్టమన్నారు. నేను తాడు చివర పట్టుకున్నాను. నేను తాడుని లాగానో, తాడే నన్ను లాగిందో చెప్పలేను.

మగాళ్ళు చాలామంది జైల్లోనో దాక్కునో ఉన్నారు. దక్షిణం వైపు తాడంతా ఆడవాళ్ళే. వల నిండా చేప పడి బరువెక్కింది. ఒక పెద్ద కెరటం వెనక్కి లాగేసరికి తాడు జారిపోవడం మొదలైంది. అందరికంటే ముందున్నామె మోకాళ్ళ మీద పడింది. పడి కూడా తాడు వదల్లేదు. ఇసక మీద నీళ్ళవైపు ఈడ్చుకుపోతోంది. ఆమె ఆయన అప్ప అని నాకప్పటికి తెలీదు.

దిబ్బ మీద వీడియో కెమెరా పక్కన నిలబడ్డ ఆయన కిందకి వంగడం చూశాను. ఏదో పడిపోతే తీసుకుంటున్నాడనుకున్నాను. బూట్లు విప్పుతున్నాడు. విప్పి ఒక్క పరుగున వచ్చి, అప్ప చేతులకి ముందు తాడు పట్టి, మడమలు ఇసకలో దిగేసి వెనక్కి వాలాడు. ఆయన నోట్లోంచి లాగుడు కేక వచ్చింది. సభలో చివరి వరసన గొంతు పెగలని మనిషి కేకకి తాడు పట్టిన అందరూ ఒక్కసారి పదం కలిపారు. తాడు ఆగింది. వల ఒడ్డెక్కింది. కెమెరా ఆయన మాత్రం తన పని మానలేదు, అంతా తీశాడు.

పెద్ద మావ వాటాలు పెట్టాడు. నా ముందూ ఒక కుప్ప పోశారు. వద్దన్నాను. "తాడట్టుకున్నావా నేదా? మరయితే నోరు మూసుకుని తీసుకోయే తల్లీ" అని కసిరాడు. అందరూ వరసగా నిలబడ్డారు. ఆయనా నిలబడ్డాడు, తడిసిన లాల్చీ అంచు రెండు చేతులా పట్టుకుని, చిన్నప్పుడు నిలబడ్డట్టే అయ్యుంటుంది. పెద్ద మావ ఆయన్ని దాటేసి పక్కావిడకి పోశాడు. ఆయన అంచు దించలేదు. అప్పుడు ముసలాయన వెనక్కి తిరిగి, "నీకెందుకురా? నీకు సర్కారు వాటా ఉన్నాది గదా" అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. అప్ప మోకాళ్ళకంటిన ఇసక దులుపుకుంటోంది, తలెత్తలేదు. ఆయన లాల్చీ అంచు వదిలేశాడు. దిబ్బెక్కి, తడి కాళ్ళు బూట్లలోకి దూర్చబోయాడు, దూరలేదు. చేత్తో పట్టుకుని నడిచాడు. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చేసింది. నా చేతిలో చేపలున్నాయి, ఆయన చేతిలో బూట్లు.

వీడియో పైవాళ్ళు చూశారు. అందులో అందరికంటే స్పష్టంగా ఉన్న మొహం ఆయనదే. సస్పెండు చేశారు. ఇటు ఊరూ ఊరుకోలేదు. పోలీసోడి ఇంటితో మాటాడినవాళ్ళు తప్పు డబ్బు కట్టాలని కట్టు పెట్టింది. ఆ కట్టు ఎవరు తప్పుతున్నారో ఊళ్ళో ఒకళ్ళనొకళ్ళు కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. రెంటికీ చెడ్డ రేవడి అంటారు, అదే అయ్యాడు. కొత్తవలసలో భార్య పుట్టింటి పక్కన ఇల్లు తీసుకున్నాడు.

సభలకి మాత్రం మానకుండా పాసింజరు బండెక్కి వచ్చేవాడు. డ్యూటీ లేదు, రాయక్కర్లేదు, అయినా అదే చివరి వరస, అదే కుర్చీ. పక్కన ఆయన బదులుగా వేసిన కొత్త కానిస్టేబులు కూర్చుని, సభకొచ్చినవాళ్ళ పేర్లలో ఈయన పేరు కూడా రాసుకునేవాడు. "ఇంటిపేరు తప్పు రాస్తన్నావు, సూసుకో" అని ఈయనే దిద్దేవాడు. నేను నవల్లో చూపరికి పెళ్ళి చేశానని చెబితే, "అమ్మాయి మంచిదేనా?" అని ఎంతో ఆత్రంగా అడిగాడు.

ఆయన కోరిక ఒకటే. ఉద్యోగం కాదు. అప్ప తనతో మాట్లాడాలి.

అప్ప విజయనగరం చేపల మార్కెట్టుకి తట్ట తెచ్చుకునేది. ఆ ఊరి ఆడవాళ్ళందరూ ఒకే వరసలో కూర్చుంటారు. ఒకరి నోటిమాట ఒకరికి వినబడుతుంది. ఒకనాడు నేను ఆమె దగ్గర చేప బేరమాడుతుంటే, ఆయన నా వెనక నిలబడి పక్క తట్టకేసి చూస్తున్నాడు. అప్ప నాకేసి చూస్తూ గట్టిగా అంది:

"ఏటమ్మా అలగ సిక్కిపోనావు? వేళకి తినాల. గుండెకిచ్చిన మాత్తర్లు ఏసుకుంటన్నావా?"

నేను చిక్కిపోలేదు, మాత్రలూ లేవు. తెల్లబోయి చూస్తుంటే వెనకనించి ఆయన మెల్లిగా, "ఏసుకుంటన్నానని సెప్పండి మేడంగోరూ" అన్నాడు.

"వేసుకుంటున్నాను" అన్నాను.

"అమ్మకి కాలు నెమ్మదించింది. గంజి తాగతన్నాది. బెంగెట్టుకోకు" అంది అప్ప, నా సంచిలో చేప వేస్తూ.

అప్పటినించీ మార్కెట్టు రోజున నేను వాళ్ళిద్దరికీ మధ్య నిలబడ్డం అలవాటైంది. మా ఇంట్లో చేప తిని తిని విసిగిపోయారు. నా వంకన అప్ప తమ్ముణ్ణి తిట్టేది, బతిమాలేది, కొడుకు పెళ్ళి సంబంధం గురించి సలహా అడిగేది. "మంచి ఇల్లే, సేసేయమనండి" అని ఈయన నా వెనకనించి అనేవాడు. పక్క తట్టావిడకి తెలీకుండా ఉంటుందా? ఆవిడ ఆ కాస్సేపూ లేని కాకిని తోలుతూ అటు తిరిగి కూర్చునేది.

ఆనాటి వల లాగుడు కేసు కోర్టుకొచ్చింది. సర్కారు తరఫు సాక్షి ఆయనే. వీడియోలో ఉన్నవాళ్ళని పేరుపేరునా చెబితే ఉద్యోగం తిరిగి ఇస్తామన్నారు. చెబితే వాళ్ళందరికీ శిక్ష. వాళ్ళలో అప్ప కూడా ఉంది. ఏం చేస్తారని అడిగితే దారానికి ఇంకో ముడి వేశాడు.

ఆ రోజు నేనూ కోర్టుకి వెళ్ళాను. టీవీలో వీడియో వేశారు. ముందున్నావిడ ఎవరని అడిగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, దగ్గరకెళ్ళి చూశాడు. "తెలీదండి. ఎండ మెరుపు." వెనకామె? "తెలీదండి." ఆ ముసలాయన? "తెలీదండి." నడక చూసి, వీపు చూసి మనిషిని చెప్పగల వాడు ఒక్కొక్కళ్ళనీ అలాగే దాటేశాడు. చివరికి టీవీ నిండా ఆయన మొహమే వచ్చింది, తాడు పట్టుకుని, నోరు తెరిచి.

"ఇతనెవరు?"

చాలాసేపు చూశాడు. "ఈయన్ని కూడా పోల్చుకోలేకపోతన్నానండి" అన్నాడు.

కోర్టులో నవ్వారు. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. కేసు నిలబడలేదు, ఊరివాళ్ళు బయటపడ్డారు. ఆయన ఉద్యోగం మరి తిరిగి రాలేదు.

ఆ తర్వాత సభలో నవల చివరి అధ్యాయానికి ముందుది చదివాను. మెట్ల దగ్గర, "ఆడింటికి తలుపెట్టారా మేడంగోరూ?" అన్నాడు.

"పెట్టాను."

"గెడ లోపలా, బయటా?"

"లోపలే."

"అయితే సాలు" అని మెట్లు దిగి వెళ్ళాడు.

మరో సభకి రాలేదు. ముందురోజు భోజనం చేసి మంచం మీద ఒరిగినవాడు ఒరిగినట్టే పోయాడని ఆయన భార్య నాకు ఫోను చేసింది. వెంటనే ఊరికి ఫోను చేస్తే, ఎత్తినవాళ్ళు కట్టుకి భయపడి ఆవిడ గొంతు వినగానే పెట్టేశారట. దహనం కూడా అయిపోయింది. "మా వదినకి మీరే సెప్పాలమ్మా, ఆవిడ మీతోనే కదా మాటాడేది" అంది.

మర్నాడు మార్కెట్టుకి వెళ్ళాను. దూరంనించే అప్ప కనబడింది. ఎప్పుడూ కూర్చునే మనిషి నిలబడి రోడ్డుకేసి చూస్తోంది. నన్ను చూడగానే వరసంతా వినేలా కేకేసింది. "ఏడమ్మా మా తమ్ముడు? నీ ఎనకాల రానేదా?"

అలవాటు కొద్దీ పక్కలకి చూశాను. ఎవరూ మొహం తిప్పుకోలేదు. "కట్టు తీసేసినారమ్మా" అంది కాకిని తోలే ఆవిడ.

"నిన్న పెద్ద వల తీసినారు" అంది అప్ప. ఆమె గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. "పెద్ద మావే వాటా తీయించినాడు. ఆ నాడు తాడట్టుకున్నాడు, ఆడి వాటా ఆడికియ్యాల అన్నాడు. ఊరందరి ముందరా పేరెట్టి పిలిసినాడమ్మా." తట్ట పక్కన తడి గోనె కప్పి ఉంచిన గంప మీద గోనె తీసింది. నిండా కవళ్ళు. "పెద్దవే ఏరినాను. బేగి పిలు, పాడైపోతాయి."

చెప్పాను. ఏ మాటలతో చెప్పానో గుర్తు లేదు.

ఆమె కూర్చుండిపోయింది. ఏడవలేదు. గోనె మళ్ళీ చేపల మీద కప్పి, ఎండకి ఆరిపోకుండా గిన్నెలో నీళ్ళు చిలకరించింది. అప్పుడు తలెత్తింది. నాకేసి కాదు, నా భుజం వెనక ఆయన ఎప్పుడూ నిలబడే చోటుకేసి చూస్తూ, ఆ పాత అలవాటు గొంతుతోనే నాకు చెప్పినట్టుగా అంది:

"సెప్పమ్మా ఆడికి. వాటా వచ్చిందని సెప్పు."